పెద్దల అమావాస్యకు సెలవు, హాలోవీన్‌కు ఆర్డర్లు

బెంగళూరు మారతహళ్ళిలో మా బేకరీకి వచ్చే అందరికీ నమస్తే. ఈ అక్టోబర్‌లో షాపు ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు, ఏం చేస్తాం, ఏం చేయం అన్నది ముందే చెప్పేస్తే మీకూ మాకూ టెన్షన్ ఉండదని రాస్తున్నాను.

అక్టోబర్ 10, శనివారం మహాలయ అమావాస్య. ఆ రోజు సెలవు. 2026లో అధిక జ్యేష్ఠ మాసం రావడంతో ఆ తర్వాతి పండగలన్నీ ఆలస్యమయ్యాయి, ఇదీ అక్టోబర్‌లోకి వచ్చింది. వీకెండ్ కదా, సాయంత్రమైనా తీయొచ్చు కదా అని కొందరు ఇప్పటికే అడిగారు. తీయలేను. తద్దినం అయితే ఎవరు పోయిన తిథికి వాళ్ళకి పెడతాం. మహాలయంలో అమ్మ వైపు వాళ్ళు, నాన్న వైపు వాళ్ళు, అత్తమామలు, గురువులు, స్నేహితులు, అందరి పేరునా నువ్వులూ నీళ్ళూ వదులుతారు. మా ఆయన మా అమ్మ పేరు, గోత్రం చెప్పి తర్పణం వదిలేది ఆ రోజే. ఆ మాట వినడానికి పక్కన నేను ఉండాలి. గారెలు, పరమాన్నం, కాకరకాయ కూర, అమ్మకి ఇష్టమని అల్లం పచ్చడి. మేడ మీద పిండం పెట్టి కాకి కోసం చూస్తాం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక ఒక్కోసారి చాలాసేపే చూడాలి. కాకి ముట్టాకే మా భోజనాలు.

ఇక హాలోవీన్, అక్టోబర్ 31 రాత్రి దయ్యాల వేషాలు వేసుకుని చేసుకునే పండగ. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు ఆఫీసుల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి అక్టోబర్ 31 శనివారం కాబట్టి చాలామంది 30వ తేదీ శుక్రవారమే చేసుకుంటున్నారు. "ఇంట్లో పితృదేవతలకు పెట్టుకుంటారు, షాపులో దయ్యాల కేకులు అమ్ముతారా ఆంటీ?" అని ఎప్పుడూ వచ్చే అమ్మాయి ఒకామె అడిగింది. మంచి ప్రశ్నే. అమ్ముతాం. పితృపక్షంలో గృహప్రవేశాలు, నిశ్చితార్థాలు ఉండవు, వాటి కేకులూ ఉండవు. ఆ పదిహేను రోజుల లోటు నెలాఖరు ఆఫీసు ఆర్డర్లతోనే పూడుతుంది. మా వాళ్ళకిచ్చే దీపావళి బోనస్‌లో ఈ డబ్బూ ఉంది.

డబ్బు కోసమే అయితే ఇంత రాయను. హాలోవీన్‌లో భయం పైకి కనిపించేది మాత్రమే. ఐర్లండ్, స్కాట్లండ్‌లలో చలికాలం మొదలయ్యే ఆ రాత్రి పోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మేవారు. క్రైస్తవంలో నవంబర్ 1 సకల పునీతుల పండగ, 2 పోయినవాళ్ళందరి కోసం ప్రార్థించే రోజు. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో పేదవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఆ ఇంట్లో పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తే చిన్న గుండ్రటి సోల్ కేకులు చేతిలో పెట్టేవారు. మెక్సికోలో అయితే ఫోటోలు పెట్టి, బంతిపూలు పరిచి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ముందు పెడతారు. ఆ పండక్కని ప్రత్యేకంగా తియ్యటి రొట్టె కాలుస్తారు. ఇదంతా చదివినప్పుడు నాకు మన సంక్రాంతికి పెద్దల ఫోటోల ముందు కొత్తబట్టలు పెట్టడమే కళ్ళముందు కదిలింది.

అందుకే ఈసారి సోల్ కేకులు చేస్తున్నాం. వెన్న, జాజికాయ, దాల్చిన చెక్క, ఎండుద్రాక్ష. బిస్కెట్ కంటే కాస్త మెత్తగా ఉంటాయి, పైన కత్తితో శిలువ గాటు. గుడ్డు లేనివీ ఉంటాయి. మా దగ్గర ప్యాకింగ్ చూసే అక్క ఏటా నవంబర్ 2న హోసూరు రోడ్డు శ్మశానానికి వెళ్ళి, వాళ్ళ నాన్న సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తుంది. మొదటి ట్రే ఆమెకే. ఆ రోజు ఆమెకు సెలవు కాబట్టి డెలివరీలు కాస్త ఆలస్యమవుతాయి, ఓపిక పట్టండి.

గుమ్మడికాయ కేకు కూడా ఉంటుంది, మన మంచి గుమ్మడితోనే. నిండు గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ ఆడవాళ్ళు వేయకూడదని మా వంటగదిలో అందరూ పాటిస్తారు. మాస్టర్ వచ్చి ఓ దెబ్బ వేసి పగలగొట్టాకే మేం కత్తి పట్టుకుంటాం. ఆయన పదింటికి గానీ రారు, అందుకని ఈ కేకు మధ్యాహ్నం తర్వాతే దొరుకుతుంది. పొద్దున్నే కావాలంటే ముందురోజు చెప్పండి.

ఒక్కటి మాత్రం చేయం. పోయిన ఏడాది ఒక ఆఫీసు నుంచి తమ మేనేజర్ ఫోటోకి దండ వేసి, ముందు దీపం పెట్టినట్టు కేకు చేయమన్నారు. సరదాకే అడిగారు, ఆ మేనేజర్ కూడా నవ్వేవారేమో. నేను ఒప్పుకోలేదు, ఆర్డర్ పోయింది. అలాంటి ఫోటో మా గోడ మీద ఉంది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉంటుంది. ఆ కేకు కోసేటప్పుడు ఆ గదిలో ఈమధ్యే అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు ఉంటే వాళ్ళకి ఎలా ఉంటుంది? బతికున్నవాళ్ళ పేర్లతో సమాధి రాళ్ళు కూడా చేయం. గబ్బిలాలు, సాలెగూళ్ళు, మంత్రగత్తె టోపీలు, తెల్లగుడ్డ దయ్యాలు ఎన్ని కావాలన్నా చేస్తాం. క్రీముతో సాలెగూడు వేయడంలో మా కుర్రాళ్ళ చేయి బాగా తిరిగింది, చూస్తే మీకే తెలుస్తుంది.

ఆఫీసు ఆర్డర్లు అక్టోబర్ 26 సాయంత్రం వరకే. సగం అడ్వాన్స్. పేర్లు రాయాల్సినవి ఉంటే తెలుగులోనో, కన్నడలోనో, ఇంగ్లీషులోనో స్పష్టంగా మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో వద్దు.

నవంబర్ 8, ఆదివారం దీపావళి. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే పడి ఊపిరాడలేదు, ఈసారి మధ్యలో వారం దొరికింది. ఈ దీపావళి రోజు షాపు నాలుగింటికి మూసేస్తాం. మా అత్తగారు గోగు కాడలకు నూనెగుడ్డలు చుట్టి సిద్ధంగా ఉంచుతారు. పిల్లలు దిబ్బు దిబ్బు దీపావళి అంటూ దివిటీలు కొడతారు, అమావాస్య చీకట్లో పెద్దలకు దారి చూపించడానికి. స్వీట్ బాక్సులు బుక్ చేసుకున్నవాళ్ళు మూడున్నరలోపు వచ్చి తీసుకెళ్ళండి.