వెల్లకిలా ఈదుతూ ఒలింపిక్ కుర్చీదాకా

ఒరేయ్ రమణా,

ఫోన్లో చెబితే మధ్యలో అడ్డు తగులుతావని ఉత్తరం రాస్తున్నాను. ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడిచే మన బ్యాచ్ ఉంది చూడు, 2036 ఒలింపిక్స్ అహ్మదాబాద్‌కి వచ్చేసినట్టే మాట్లాడుతున్నారు. "అది తేల్చే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి ఇప్పుడు అధ్యక్షురాలెవరో చెప్పండి" అన్నాను. ఒక్కడూ నోరెత్తలేదు.

కిర్స్టీ కొవెంట్రీ. ఈతగత్తె, 1983లో జింబాబ్వే రాజధాని హరారేలో పుట్టింది, అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ తరఫున ఈదింది. జింబాబ్వేకి ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా వచ్చినవి 8 పతకాలేరా, అందులో 7 ఈమెవే! మిగతా ఒక్కటీ 1980లో మాస్కోలో ఆడవాళ్ల హాకీ జట్టు తెచ్చింది. 2004లో ఏథెన్స్‌లో మూడు, 2008లో బీజింగ్‌లో నాలుగు. బీజింగ్ సంగతి వింటే నీకూ కడుపు మండుతుంది. 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ సెమీస్‌లో ప్రపంచ రికార్డు కొట్టి, ఫైనల్లో రెండో స్థానంతో సరిపెట్టుకుంది. వెల్లకిలా ఈదేవాళ్లకి పక్క లేన్‌లో ఎవరు ముందున్నారో సరిగ్గా కనబడదు కూడాను. అయినా 200 మీటర్లకి వచ్చేసరికి కొత్త ప్రపంచ రికార్డుతో స్వర్ణం పట్టేసింది.

అప్పట్లో జింబాబ్వేలో భూముల గొడవలు, తెల్లవాళ్లంటే ప్రభుత్వానికి మంట. ఈమె తెల్లపిల్ల. అయినా ఏథెన్స్ నుంచి తిరిగొస్తే జనం డప్పులతో ఎదురెళ్లారు. బీజింగ్ తర్వాత దేశాధ్యక్షుడు ముగాబే లక్ష డాలర్ల నగదు చేతిలో పెట్టాడు. ధరలు పూటకోలా పెరిగి జనం అల్లాడుతున్న రోజులవి.

2018లో క్రీడల మంత్రయింది. నాకు మింగుడుపడనిది ఇక్కడే. ఈత కొలనులో గడియారం చూస్తే ఎవరు గెలిచారో తేలిపోతుంది, మంత్రి పనికి అలాంటి గడియారం ఎక్కడుంది? ఆమె హయాంలోనే ఫుట్‌బాల్ బోర్డుని ప్రభుత్వ కమిషన్ సస్పెండ్ చేసింది. నిధుల దుర్వినియోగం ఆరోపణలున్నాయి, ఒప్పుకుంటాను. కానీ ప్రభుత్వం వేలు పెట్టిందని 2022లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఏకంగా దేశాన్నే పక్కన పెట్టేసింది. 2023 దాకా నష్టపోయింది ఆటగాళ్లేగా!

అయినా 2025 మార్చిలో గ్రీస్‌లో ఒలింపిక్ సంఘం అధ్యక్ష పదవికి ఏడుగురు పోటీపడితే, 97 ఓట్లలో 49 తెచ్చుకుని మొదటి రౌండ్‌లోనే గెలిచేసింది. 1894 నాటి సంస్థకి తొలి మహిళా అధ్యక్షురాలు, ఆఫ్రికా నుంచి కూడా తొలి మనిషి. జూన్‌లో కుర్చీ ఎక్కీ ఎక్కగానే ఆతిథ్య నగరాల ఎంపిక పద్ధతినే ఆపి, మళ్లీ చూద్దామంది. బీచ్ బ్యాచ్‌కి ఆ మాట చెబితే నా మీదే విరుచుకుపడ్డారు.

ఇంతకీ ముగాబే ఇచ్చిన ఆ లక్ష డాలర్లు, నువ్వయితే తీసుకునేవాడివా? దాటెయ్యకుండా రాయి.

నీ
శీను