నూనె పన్నుల సంగతి: మనమూ చైనా ఏం రాసిచ్చినామో

రేయ్ మావా,

ఎట్లుండావు, ఇంట్లో అందరూ బాగుండారా? మొన్న ఫోన్లో అడిగినావు కదా, మనోళ్లు బయటి దేశాల నుంచి వచ్చే వంటనూనె మీద పన్ను ఎప్పుడంటే అప్పుడు ఎక్కిస్తా దించతా ఉంటే డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) వాళ్లు ఏమీ అనరా, చైనా కూడా అట్లే చేయొచ్చా అని, ఆ మాట నన్ను వదల్లేదు రా, రెండు దేశాల టారిఫ్ షెడ్యూళ్లు, అంటే ఏ వస్తువు మీద ఎంత పన్నుకు ఒప్పుకున్యారో డబ్ల్యూటీఓకు రాసిచ్చిన పట్టీలు, పక్కపక్కన పెట్టుకోని కూర్చున్యా.

దేశం అక్కడ రాసిచ్చేది వసూలు చేసే పన్ను కాదు, ఇంతకు మించి వేయను అనే హద్దు. బౌండ్ రేటు అంటారు. దాని లోపల ఎంతైనా వేసుకోవచ్చు, ఎవుర్నీ అడిగే పనిలేదు. చైనా 2001 డిసెంబర్లో చేరేటప్పుడు ప్రతి వస్తువుకూ హద్దు రాసిచ్చింది, సగటు 10 శాతం. మన సగటు 50 దాకా, వ్యవసాయానికైతే 110 పైనే, కొన్ని వస్తువులకైతే అసలు హద్దే రాయలేదు.

అయితే సగటు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, వరసలు చూడు. శెనక్కాయ నూనె 300 శాతం, పామాయిల్ 300, దాని పైన 1507 నంబర్ వరసలో సోయా నూనె ఉంటాది చూడు, అది 45 మాత్రమే! బయటి నూనె లోపలికొచ్చి మన అనంతపురం ఎర్రనేలల్లో వాన్ని నమ్ముకోని శెనక్కాయ వేసే రైతును దెబ్బకొట్టేదానికి తలుపు తెరుచుకునేది ఆడ్నే. 2018లో రిఫైన్డ్ పామాయిల్ మీద 54 శాతం దాకా పోయినారు, రిఫైన్డ్ సోయా మాత్రం 45 దగ్గర ఆగిపోయింది, అంతకు మించి పోనీకి లేదు కాబట్టి. పామాయిల్ ఇంకా పెంచితే కొనేవాళ్లు సోయాకు మళ్లుతారు, అంటే పామాయిల్ 300 అనేది చాలావరకు కాగితం మీదిదే.

చైనా సోయా నూనెకు 9, సోయా గింజలకు 3 రాసిచ్చింది. ధర పడిపోయినా వాళ్ల రైతు కోసం పన్ను పెంచేదానికి జాగా లేదు. ఒకసారి రాసిచ్చినాక మార్చుకోవాలంటే గ్యాట్ (డబ్ల్యూటీఓకు మూలమైన వాణిజ్య ఒప్పందం) 28వ ఆర్టికల్ కింద మళ్లీ బేరమాడి, ఎదుటోళ్లకు ఇంకో వస్తువులో ఏదో ఒకటి ఇచ్చుకోవాల. మనం అట్లా చేసినాం కూడా. పాలపొడి, బియ్యం, మన జొన్నలు పాత ఒప్పందాల్లో సున్నాకు కట్టేసి ఉండె, తర్వాత మాట్లాడుకోని పెంచుకున్యారు, పాలపొడి 60 అయింది. సోయాకు కూడా అట్లా అడగాల్సిందే అంటా నేను, ఎంత కష్టమైనా సరే.

ఇప్పుడు నాకు కడుపు మండేది హద్దు గురించి కాదు. జాగా ఉండీ దాన్ని వాడే తీరు గురించి. క్రూడ్ నూనెల మీద 2024 సెప్టెంబర్లో బేసిక్ డ్యూటీ సున్నా నుంచి 20 చేసినారు, 2025 మే ఆఖర్లో 10కి దించినారు. అంటే సరిగ్గా రైతు విత్తనం కాయలు ఒలిపించుకోని వాన కోసం చూసే టైముకు! ధరలు మండితే జనాలకు నూనె అందాల, నిజమే, కాదనను. కానీ పన్ను ఎంతుంటుందో జూన్‌కు ముందే చెప్పి పంట అమ్ముడుపోయేదాకా కదిలించకుండా ఉంటే ఏం పోతాది రా? చైనా వ్యాపారికి 9 దాటదని తెలుసు, మన రైతుకు రేపు ఎంతో తెలీదు.

నువ్వు కంది వేస్తాండావు కదా, ఆ వరస కూడా తీసి చూడు. నాకు రాయి, దాని మీద ఇంకా మాట్లాడాల.

మీ అమ్మను అడిగినానని చెప్పు.

నీ
మావ