సరిగ్గా 32వ సెకనుకు తెగిపోతున్న కాల్స్: మూడు వారాలుగా తేలని ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: మా ఆఫీసుకు వచ్చే కాల్స్ మధ్యలో తెగిపోవడం, మీ సపోర్ట్ వాళ్లు మమ్మల్ని అడక్కుండా మూసేసిన అయిదు టికెట్లు

అయ్యా,

మాది లిఫ్టులు మరమ్మతు చేసే సంస్థ. పన్నెండు ఐపీ ఫోన్లు, ఒక మెయిన్ నంబరుతో రెండేళ్లుగా మీ ఇంటర్నెట్ ఫోన్ సర్వీసు వాడుతున్నాం. ఈ రెండేళ్లలో మీ మీద ఒక్క ఫిర్యాదు కూడా రాయలేదు, ఆ మాట ముందే చెప్పడం న్యాయం. మూడు వారాల కిందట ఆదివారం రాత్రి సర్వర్లు మారుస్తున్నామని మీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. సోమవారం పొద్దున్నుంచి మాకు వచ్చే ప్రతి కాల్ మాట్లాడుతుండగానే పోతోంది.

ఆ గురువారం సాయంత్రం లిఫ్టులో ఇరుక్కుపోయిన ఒకావిడ ఫోన్ చేశారు. మీ మెనూ అంతా విని, నంబరు నొక్కి, చివరికి మా ఆఫీసులో ఫోన్లు ఎత్తే అమ్మాయితో కలిశారు. కంగారులో ముందు ఏం జరిగిందో చెప్పుకొచ్చారు. బిల్డింగ్ పేరు చెప్పబోతుండగా కాల్ పోయింది. మళ్లీ చేశారు. ఈసారి వేరే సీటుకు వెళ్లింది, మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి ఆవిడ అడిగిన మొదటి మాట, "ఎందుకండీ పెట్టేస్తున్నారు?" మావాళ్లు స్క్రీన్ మీద నంబరు చూసి సొంత మొబైల్ నుంచి తిరిగి చేస్తే గానీ అడ్రస్ తెలియలేదు.

ఇక మీ సపోర్ట్ సంగతి. మొదటి టికెట్‌కు "మీ నెట్ స్పీడ్ చూసుకోండి" అన్నారు, చూసి పంపాం. రెండోసారి పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. మూడోసారి రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ, అంటే కాల్ కలిపే సందేశాలను రూటరే మధ్యలో మార్చే సెట్టింగు, ఆపమన్నారు. అది మంచి సలహానే, దానివల్ల చాలాచోట్ల ఇలాంటి తలనొప్పులు వస్తాయట. అదే రోజు ఆపేశాం, ఏమీ మారలేదు. నాలుగోసారి హెడ్‌సెట్లు మార్చమన్నారు. కాల్ తెగడానికీ హెడ్‌సెట్‌కూ సంబంధం ఏమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు. అయిదోసారి మీరు రాసిన జవాబు మాత్రం నన్ను ఈ ఉత్తరం దాకా తెచ్చింది: "మా రికార్డుల ప్రకారం కాల్ కస్టమర్ వైపు నుంచే కట్ అయింది. మీ సిబ్బంది పొరపాటున పెట్టేసి ఉండవచ్చు."

పన్నెండు మంది, మూడు వారాలు, ప్రతి కాల్ పొరపాటున పెట్టేశారా?

నేను ఇంజినీర్ని కాదు, ఆఫీసు వ్యవహారాలు చూసే మనిషిని. కానీ రెండు రోజులు పక్కన వాచీ పెట్టుకుని కూర్చున్నాను. రిసీవర్ ఎత్తినప్పటి నుంచి లెక్కపెడితే ప్రతి కాల్ 32వ సెకనులోనే పోతోంది. ఒకటి 20కి, ఇంకొకటి 50కి పోతే నెట్ బాగాలేదని నేనూ ఒప్పుకునేదాన్ని. నెట్ బాగాలేకపోతే మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ కాల్ పోయే క్షణం దాకా మాట రెండు వైపులా స్పష్టంగా వినిపిస్తోంది.

పెద్ద ప్లాన్ మాటకు కూడా లెక్క చూసుకున్నాం. మీ సర్వీసు వాడేది జీ.711 కోడెక్. అది మాటను సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తుంది. దాన్ని 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి సెకనుకు 50 ప్యాకెట్లుగా పంపుతారు. ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, దాని మీద అడ్రస్ వగైరా మరో 40 బైట్లు. అంటే బైట్‌కు ఎనిమిది బిట్ల లెక్కన ఒక కాల్‌కు ఒక వైపు సెకనుకు 80 కిలోబిట్లు. మా పన్నెండు ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా ఒక మెగాబిట్‌కు అటూ ఇటూగా సరిపోతుంది. మా నెట్ అంతకు ఎన్నో రెట్లు. ప్లాన్ పెంచి ఏం చేసుకోవాలి?

చివరికి మా నెట్‌వర్క్ చూసే అబ్బాయి వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫోన్‌కూ రూటర్‌కూ బయట, నెట్ లైన్ మీద, వచ్చేపోయే ప్యాకెట్లు పట్టాడు. అందులో కనిపించింది నాకు అర్థమైన భాషలో రాస్తున్నాను. తప్పుంటే మీ ఇంజినీర్లు దిద్దవచ్చు.

కాల్ కలపడం, మాట మోయడం రెండూ వేరు పనులు. కలిపే పని సిప్ సందేశాలది, మాట ఆర్‌టీపీ ప్యాకెట్లలో విడిగా నడుస్తుంది. మాకు కాల్ వచ్చినప్పుడు మీ సర్వర్ "ఇన్వైట్" పంపుతుంది. మేం ఎత్తగానే మా ఫోన్ "200 ఓకే" అంటుంది. అది అందిందని మీ సర్వర్ "యాక్" పంపాలి. వెనకటి రిజిస్టర్ పోస్టుకు తిరిగొచ్చిన సంతకం కార్డు లాంటిదన్నమాట. ఆ యాక్ రాకపోతే ఫోన్ తన ఓకేను మళ్లీ పంపుతుంది. మొదట అర సెకనుకు, తర్వాత ఒక సెకనుకు, రెండుకు, నాలుగుకు, ఆ పైన నాలుగేసి సెకన్లకు ఒకసారి. అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి, అవతల ఎవరూ లేరనుకుని "బై" చెప్పి పెట్టేస్తుంది. ఇది మా ఫోన్ పైత్యం కాదు, 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంలో సిప్‌కు రాసిపెట్టిన నియమమే.

మేం పట్టిన ప్రతి కాల్‌లో మా ఫోన్ పదకొండు సార్లు ఓకే పంపింది. మా రూటర్ దాకా యాక్ ఒక్కసారి కూడా రాలేదు. 32వ సెకనుకు మా ఫోన్ బై పంపింది.

మీ రికార్డులో "కస్టమర్ వైపు నుంచి కట్" అని ఉన్నది ఆ బై గురించే. అబద్ధం కాదు. అయితే దానికి పైన మా నుంచి వచ్చిన పదకొండు ఓకేలు కూడా మీ లాగ్‌లో ఉండాలి కదా. చివరి వరుస చదివి మావాళ్ల మీద తోసేసిన మనిషి పైనున్న పదకొండు వరుసలు చదవలేదు.

యాక్ ఎటు పోతోందో కూడా మావాడు ఊహించాడు. ఇది ఊహే, మీ సర్వర్ లోపల చూసే వీలు మాకు లేదు. మా ఫోన్లు తమ అడ్రస్‌గా 192.168తో మొదలయ్యే లోపలి నంబరు ఇస్తాయి. అది మా ఆఫీసు గది నంబరు లాంటిది, బయట లోకంలో దానికి అర్థం లేదు. అందుకే సర్వీసు ఇచ్చేవాళ్లు ఫోన్ చెప్పిన అడ్రస్ పక్కనపెట్టి, ప్యాకెట్ నిజంగా ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూసి అక్కడికే జవాబు పంపుతారు. మొన్నటిదాకా మీరూ అలాగే పంపేవారు. ఇన్వైట్ ఇప్పటికీ సరైన అడ్రస్‌కే వస్తోంది, లేకపోతే మా ఫోన్ మోగేదే కాదు. కొత్త సర్వర్ యాక్‌ను మాత్రం గది నంబరుకు పంపుతున్నట్టుంది.

దీనికి ఇంకో ఆనవాలు ఉంది. మేం బయటికి చేసే కాల్స్ తెగడం లేదు, ఎందుకంటే అప్పుడు యాక్ పంపేది మేమే. కానీ అవతలివాళ్లు పెట్టేస్తే ఆ సంగతి మా ఫోన్‌కు తెలియడం లేదు. మాట ఆగిపోతుంది, స్క్రీన్ మీద సెకన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. మీ వైపు నుంచి రావలసిన బై కూడా మా రూటర్ దాకా రావడం లేదు. యాక్ పోయిన దారినే ఇదీ పోతోందని మా అనుమానం. ఈ సంగతి రెండో టికెట్‌లోనే రాశాను, ఎవరూ పట్టించుకోలేదు.

పాత రాగితీగ లైను నుంచి మీ సర్వీసుకు మారదామని పట్టుబట్టింది నేనే. పాత లైనుకు ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేది, ఇక్కడ కరెంటు పోతే ఫోన్ కూడా పోతుందని మా పెద్దాయన అప్పుడే అన్నారు. యూపీఎస్ పెట్టిద్దామని నచ్చజెప్పాను. యూపీఎస్ ఉంది, నెట్ ఉంది, కరెంటు ఉంది. ఇప్పుడు మీటింగుల్లో ఆయన నా వైపు చూసే చూపు భరించడం కష్టంగా ఉంది.

పట్టిన ప్యాకెట్ల ఫైలు, నలభై కాల్స్ సమయాల పట్టిక ఈ లేఖతో జత చేశాం. దీన్ని స్పీడ్ టెస్ట్ అడిగే మొదటి డెస్క్‌కు తిప్పకుండా, సిప్ సర్వర్లు చూసే ఇంజినీరుకే ఇవ్వండి. రెండు పని దినాల్లో కాల్స్ బాగవ్వాలి. అంతదాకా మెయిన్ నంబరుకు వచ్చే కాల్స్‌ను మేం చెప్పిన మొబైళ్లకు ఉచితంగా మళ్లించండి. ఆ సదుపాయం మీ దగ్గర ఉందని మీ వాళ్లు మాకు చెప్పనే లేదు, వాడకం పుస్తకంలో మేమే చూసుకున్నాం. ఈ మూడు వారాల అద్దె వెనక్కి ఇవ్వాలి. సర్వర్ మార్చిన రోజు నుంచి మా ఖాతా సిప్ లాగ్‌లు చెరిపేయకుండా ఉంచాలి. లోపం ఏమిటో, ఎప్పుడు సరిచేశారో రాతపూర్వకంగా కావాలి. మా సిబ్బందే పెట్టేశారని రాసిన జవాబును టికెట్‌లోనే సరిదిద్దాలి. ఆ రోజు మాట పడ్డ మా సిబ్బందికి మేం ఆ కాగితం చూపించాలి.

గడువులోగా బాగవకపోతే మా నంబరును వేరే సర్వీసుకు మార్చుకుంటాం. లోపం మీ వైపుది కాబట్టి ఒప్పందంలో ఉన్న ముందస్తు రద్దు రుసుము కట్టం.

జవాబు మెయిల్‌లో పంపండి, లేదా దరఖాస్తులో ఇచ్చిన నా మొబైల్‌కు చేయండి. మెయిన్ నంబరుకు చేయకండి.

ఇట్లు,
ఆఫీసు వ్యవహారాల మేనేజర్