ఇంజన్ మార్చిన బండ్లకు పవర్ స్టీరింగ్ పంపు: మా ఖాతాదారులకు

కడపలోని మా వర్క్‌షాపుకు వచ్చే ఖాతాదారులందరికీ నమస్కారం. వేరే ఇంజన్ వేయించుకున్న జీపులు, వ్యాన్లు, కార్లకు పవర్ స్టీరింగ్ పంపు (స్టీరింగ్ తేలికగా తిరగడానికి ఆయిల్‌ను ప్రెషర్‌తో నెట్టే పంపు) అమర్చే పనిలో మేము ఇకమీదట ఒక పద్ధతి పాటించదలచుకున్నాము. బండిలో ఉన్న స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే భాగం) ఏ రకానిదో, దానికి ఎంత ప్రెషర్, ఎంత ఆయిల్ అవసరమో తేల్చుకోకుండా ఏ పంపునూ బిగించము. బిగించిన తరువాత ప్రెషర్ కొలిచే గేజి పెట్టి చూడకుండా బండిని అప్పగించము. దీనివల్ల పనికి ఎక్కువ సమయం పడుతుంది, బిల్లు కూడా కొంత పెరుగుతుంది. ఆ మాట బిల్లు చేతికి వచ్చినప్పుడు కాక ముందే తెలియాలన్న ఉద్దేశంతో, కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాము.

"ఇంజన్‌తో పాటే పంపు కూడా వచ్చింది కదా, దాన్నే ఉంచేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతున్నారు. అడగదగిన ప్రశ్నే. ఆ పంపుకు బ్రాకెట్టు, పుల్లీ, బెల్టు అన్నీ ఆ ఇంజన్ మీద అచ్చంగా కుదురుతాయి. అయితే పంపు కూర్చునేది ఇంజన్ మీదయినా పనిచేసేది స్టీరింగ్ బాక్సు కోసం. బోరు లోతు, పొలం విస్తీర్ణం చూసి మోటారు తెచ్చుకుంటాము గాని షెడ్డులో ఎంత చోటుందో చూసి తెచ్చుకోము కదా. వేరే బండి నుంచి దించిన ఇంజన్‌తో వచ్చిన పంపు ఆ బండి స్టీరింగ్‌కు లెక్కగట్టి పెట్టినది. అది మీ బండికి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కంటితో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

ముందుగా ప్రెషర్ సంగతి. చక్రాలను ఒక పక్కకు చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు ఆయిల్‌కు దారి మూసుకుపోయి ప్రెషర్ పెరుగుతుంది, ఒక హద్దు దాటగానే పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి మళ్లిస్తుంది. కార్లలో ఈ హద్దు సాధారణంగా 80 నుంచి 120 బార్ల (బార్ అంటే ప్రెషర్ కొలత) మధ్య ఉంటుంది, బరువైన బండ్లలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. పంపు హద్దు బాక్సుకు కావలసినదానికన్నా తక్కువైతే ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ బరువెక్కుతుంది, ఆ లోపం మొదటి రోజే మీకు తెలిసిపోతుంది. ఎక్కువైతేనే చిక్కు. బండి తేలికగా తిరుగుతుంది, యజమాని సంతోషిస్తాడు, కొన్నాళ్లకు బాక్సులోని సీళ్లు కారడం మొదలవుతుంది, లేకపోతే ప్రెషర్ పైపు పగులుతుంది. ఆ ఆయిల్ వేడెక్కిన ఎగ్జాస్టు మీద పడితే మంటలు లేచే ప్రమాదం ఉంది. అందుకే తక్కువ ప్రెషర్ పంపు కంటే ఎక్కువ ప్రెషర్ పంపుకే మేము ఎక్కువ భయపడతాము.

ప్రెషర్ కుదిరినా ఆయిల్ పరిమాణం కుదరకపోవచ్చు. ఒక్క చుట్టుకు 10 సీసీ ఆయిల్ నెట్టే పంపు నిమిషానికి 1000 చుట్లు తిరిగితే, లోపలి లీకేజీ పక్కన పెడితే, 10 లీటర్లు ఇస్తుంది. డీజిల్ ఇంజన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) 750 చుట్ల దగ్గర ఉండి, క్రాంకు పుల్లీ (బెల్టును తిప్పే ఇంజన్ పుల్లీ), పంపు పుల్లీ ఒకే సైజులో ఉంటే వచ్చేది 7.5 లీటర్లే. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ వేయించుకుని పాత పంపునే ఉంచిన బండ్లలో ఈ తేడా బాగా బయటపడుతుంది, ఎందుకంటే ఎక్కువ చుట్లు తిరిగే ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని ఆ పంపుకు పెద్ద పుల్లీ వేసి ఉంటారు. స్టీరింగ్‌ను నెమ్మదిగా తిప్పినంతసేపు ఏమీ తెలియదు, గబుక్కున తిప్పితే మధ్యలో చేతికి పట్టేసినట్టు అవుతుంది. గువ్వలచెరువు ఘాటులో దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీసి మలుపు తిప్పే చోట ఇలా పట్టేస్తే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పని పూర్తయిన బండిని మేము ఆ ఘాటు దాకా నడిపి చూసేది అందుకే. (అక్కడ దొరికే పాలకోవా కోసం వెళ్తున్నామని మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు ఉన్నారు, అదీ కొంత నిజమే.)

పుల్లీని చిన్నది చేసి పంపును 1.2 రెట్లు వేగంగా తిప్పితే ఇందాకటి 7.5 లీటర్లు 9 అవుతాయి. కానీ ఇంజన్ 4000 చుట్లకు చేరినప్పుడు పంపు 4800 చుట్లు తిరగాల్సి వస్తుంది, ఆ వేగాన్ని పంపు తట్టుకోవాలి, ఆయిల్ కూడా అదనంగా వేడెక్కుతుంది. మన ఎండల్లో ఆ వేడిని చిన్న విషయం అనుకోవడానికి వీల్లేదు. కనుక పుల్లీ లేత్ మీదకు వెళ్లే ముందు లెక్క కాగితం మీదకు రావాలి.

పాత పంపునే కొత్త ఇంజన్‌కు అమర్చాల్సి వస్తే బ్రాకెట్టు మేమే తయారుచేస్తాము. ఇక్కడ పుల్లీలన్నీ ఒకే వరుసలో ఉండటం ముఖ్యం. చాలా ఇంజన్లలో ఒకే బెల్టు వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ కూడా తిప్పుతుంది కనుక, వరుస తప్పి బెల్టు ఎగిరిపోతే స్టీరింగ్‌తో పాటు ఇంజన్ కూడా దెబ్బతింటుంది. పంపు తిరిగే దిశ కూడా చూసుకోవాలి, ఎడమకు తిరగాల్సిన పంపును కుడికి తిప్పితే ప్రెషర్ రాదు. పంపు బెల్టుతో కాక లోపలి గేరుతో తిరిగే ఇంజన్లలో వేరే పంపు పెట్టే వీలు చాలా తక్కువ, అప్పుడు స్టీరింగ్ బాక్సును మార్చడమే దారి కావచ్చు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న కారు నుంచి తీసిన ఇంజన్ అయితే పంపుకు అసలు చోటే ఉండదు. కరెంటుతో నడిచే హైడ్రాలిక్ పంపు వేయమని కొందరు అడుగుతున్నారు. అది పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది, పాత జీపు ఆల్టర్నేటర్‌తో ఆ పని మేము ఒప్పుకోము.

పైపుల కొనలు కొన్నింటికి ఫ్లేర్ రకం (కొన విచ్చుకుని ఉండేది), కొన్నింటికి ఓ-రింగ్ రకం (రబ్బరు రింగు ఉండేది). మర ఒకటే అయినంత మాత్రాన ఒకదానిలో మరొకటి బిగిస్తే కారుతుంది. పంపు కంపెనీ చెప్పిన ఆయిల్‌నే పోస్తాము, పాతది పూర్తిగా కడిగేస్తాము. అత్యవసరమని దారిలో బ్రేకు ఆయిల్ పోసి తెచ్చిన బండికి సీళ్లన్నీ మార్చాల్సిందే, ఆ ఖర్చు తప్పదు. ఈసీయూ (ఇంజన్‌ను అదుపు చేసే కంప్యూటర్) ఉన్న పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ప్రెషర్ పైపు మీద ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. స్టీరింగ్ బరువు పడగానే ఐడ్లింగ్ పెంచమని అది ఇంజన్‌కు తెలియజేస్తుంది. ఆ తీగ కలపకపోతే చక్రాలు చివరిదాకా తిప్పినప్పుడు ఇంజన్ ఆగిపోవచ్చు, నేరం మాత్రం పంపు మీద పడుతుంది.

గేజి పరీక్ష ఇలా ఉంటుంది. పంపుకూ బాక్సుకూ మధ్య గేజి, దాని పక్కన ఒక వాల్వు అమర్చి, ఆయిల్ వేడెక్కిన తరువాత వాల్వును 5 సెకన్లకు మించకుండా మూసి పంపు ఇచ్చే గరిష్ఠ ప్రెషర్ చూస్తాము. తరువాత వాల్వు తెరిచి చక్రాలను చివరిదాకా తిప్పి మళ్లీ చూస్తాము. మొదటి రీడింగు బాగుండి రెండోది పడిపోతే లోపం బాక్సులో ఉన్నట్టు, అప్పుడు పంపు మార్చమని మీకు చెప్పము. రెండు రీడింగులూ బిల్లు మీద రాసి ఇస్తాము.

రిలీఫ్ వాల్వు కింద వాషర్లు పెట్టి ప్రెషర్ పెంచే పని మా దగ్గర జరగదు. పాత సామాన్ల అంగడి నుంచి మీరు తెచ్చిన పంపు పరీక్షలో నెగ్గితే బిగిస్తాము గాని దానికి గ్యారంటీ ఇవ్వలేము. మేము తెప్పించిన కొత్త పంపుకు కంపెనీ ఇచ్చేదే మీకూ వర్తిస్తుంది. ఇంజన్ మార్పు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది కనుక రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు యజమాని చూసుకోవాలి.

బండి తెచ్చేటప్పుడు పాత పంపు, పాత పైపులు, పుల్లీలు పారేయకుండా వెంట తీసుకురండి. ఇంజన్ ఏ బండి నుంచి వచ్చిందో, ఏ సంవత్సరం మోడలో తెలిస్తే రాసుకుని రండి. ఇప్పటికే మా దగ్గర వరుసలో ఉన్న బండ్లకు పాత రేటే తీసుకుంటాము, గేజి పరీక్ష మాత్రం వాటికి కూడా చేస్తాము.