పసిపిల్లలకు జబ్బు గురించి నిజమే చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న 2025 మే నెలాఖరులో కరోనా కేసులు మళ్ళీ కనబడగానే కర్ణాటక ప్రభుత్వం బడులకు ఒక సర్క్యులర్ పంపింది. జ్వరం, దగ్గు, జలుబు ఉన్న పిల్లల్ని బడికి పంపవద్దని, ఎవరైనా అలా వస్తే తల్లిదండ్రులకు కబురు చేసి ఇంటికి పంపించమని దాని సారాంశం. అవసరమైన జాగ్రత్తే. అయితే ఇంటికి పంపే ఆ పిల్లవాడికి ఏమని చెప్పి పంపాలి? వాడి పక్కన కూర్చున్న మిగతా పిల్లలకు ఏం చెప్పాలి? ఈ సంగతి మీద మా చేతికి ఏ కాగితమూ రాలేదు. బెంగళూరులో తెలుగు కుటుంబాలు బాగా ఉండే రామమూర్తినగర్ వైపు నేను చాలా ఏళ్ళుగా ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చదువు చెబుతున్నాను. ఇది ఇళ్ళలోనూ బడుల్లోనూ పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలు 2020లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళు. లాక్‌డౌన్ వాళ్ళకు గుర్తుండే అవకాశమే లేదు. అయినా క్లాసులో ఒకడు నాలుగుసార్లు దగ్గితే "టీచర్, వీడికి కరోనా, వీడు బ్యాడ్ బాయ్" అంటూ బెంచీ జరుపుకుంటారు. నేను పట్టించుకునేది ఆ రెండో మాట. దగ్గడానికీ చెడ్డవాడు కావడానికీ సంబంధం ఉందని వాళ్ళకు ఎవరు చెప్పారు?

మనమే చెప్పాం. అన్నం తినకపోతే బూచాడు వస్తాడు, ఏడిస్తే పోలీసు పట్టుకుపోతాడు, మాట వినకపోతే డాక్టరు సూది వేస్తాడు అని బెదిరించడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. 2020లో ఆ వరసలోకి కరోనా వచ్చి చేరింది. "గేటు దాటావంటే కరోనా ఎత్తుకుపోతుంది" అన్న మాట మా వీధిలో వినని ఇల్లు లేదు. రెండు గదుల ఇంట్లో భర్త ల్యాప్‌టాప్ ముందు, అత్తమామలు టీవీ ముందు కూర్చుంటే, మూడేళ్ళ పిల్లను పట్టుకోలేక ఏ తల్లయినా అనే మాటే అది. ఆ తల్లుల్ని తప్పు పట్టను. కానీ ఆ బెదిరింపు పసిమనసులో ఎలా స్థిరపడుతుందో చూడండి. అల్లరి చేసినవాళ్ళకు జబ్బు వస్తుంది, కాబట్టి జబ్బు వచ్చినవాళ్ళు ఏదో తప్పు చేసినవాళ్ళు.

పైగా నాలుగైదేళ్ళ వయసులో పిల్లలు చుట్టూ జరిగే ప్రతిదానికీ తామే కారణం అనుకుంటారు. ఆ వయసు ఆలోచనే అంత. బడులు తెరిచాక ఒక పాప నాతో అన్న మాట చెబుతాను. "నేను ఐస్‌క్రీం కావాలని ఏడ్చాను టీచర్, నాన్న బయటికెళ్ళాడు, అందుకే తాతకు జ్వరం వచ్చింది." ఆ తాత తిరిగి రాలేదు. ఆ పాప ఈ మాటను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా, ఎందుకంటే తాత విషయం ఆ ఇంట్లో పిల్ల ముందు ఎత్తకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. శ్మశానాలు చాలక తావరెకెరె, గిడ్డేనహళ్ళి దగ్గర బయలు ప్రదేశాల్లో దహనాలు జరిగాయి. చిత్తూరు, అనంతపురం, కడప నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళు తమ పెద్దల్ని సొంత ఊరి మట్టికి చేర్చలేకపోయారు. పదకొండో రోజు, పెద్దకర్మ వీడియో కాల్‌లో చూశారు. పెద్దవాళ్ళకు కనీసం ఏం జరిగిందో తెలుసు. పసిపిల్లలకు కనబడింది ఒక్కటే: తెల్ల డ్రెస్సులో ముఖం కూడా కనిపించని మనుషులు వచ్చి అమ్మమ్మను అంబులెన్సులో ఎక్కించారు. అమ్మమ్మ మళ్ళీ కనబడలేదు. మామూలు రోజుల్లో అయితే ఇంటినిండా చుట్టాలు, ఏడుపులు, స్నానాలు, భోజనాలు. వాటి మధ్య తిరుగుతూ పిల్లలు ఎంతో కొంత గ్రహిస్తారు. ఆ దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడు మనం వాళ్ళకు చెప్పినవి మూడే. ఊరెళ్ళింది. నిద్రపోయింది. దేవుడు తీసుకెళ్ళాడు. ఊరెళ్ళిందంటే పిల్ల ఎదురుచూస్తుంది, ఫోన్ చేయమంటుంది, నాకు చెప్పకుండా ఎందుకెళ్ళిందని అలుగుతుంది. నిద్రపోయిందంటే రాత్రి పడుకోవడానికి భయపడుతుంది, అమ్మ మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే కళ్ళు తెరిపించి చూస్తుంది. దేవుడు తీసుకెళ్ళాడంటే పూజగదిలోకి రానంటుంది. ఇవన్నీ నా క్లాసు పిల్లల తల్లులు నాతో చెప్పుకున్నవే.

చెప్పాల్సింది పెద్ద కష్టమైన మాటేం కాదు. "అమ్మమ్మ చనిపోయింది. అంటే ఆమె శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి లేదు, ఆకలి లేదు, నొప్పి లేదు. ఇక రాదు. నాకూ చాలా ఏడుపొస్తోంది. ఇది నీవల్ల జరగలేదు." ఈ చివరి మాట పిల్ల అడగకపోయినా చెప్పి తీరాలి. తర్వాత మీ ఇంటి నమ్మకం ఏదైతే అది చెప్పుకోండి, దేవుడి మాట వద్దని నేను అనను. మరుసటి రోజు పిల్ల మళ్ళీ "అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?" అంటుంది. విసుక్కోకుండా అదే మాట అలాగే చెప్పాలి. చావు అంటే తిరిగి రాకపోవడం అని ఆ వయసులో ఒక్కసారికి ఎక్కదు, అందుకే అడుగుతారు.

ఆనాడు మూడు నాలుగేళ్ళున్న పిల్లలు ఇప్పుడు మూడో తరగతిలో, నాలుగో తరగతిలో ఉన్నారు. వాళ్ళ చెల్లెళ్ళు, తమ్ముళ్ళు గోడమీద దండ వేసిన ఫొటో చూపించి ఎవరని అడుగుతున్నారు. ఇప్పుడైనా చెప్పవచ్చు. ఈ ఊరికి ఇది కొత్త కూడా కాదు. 1898లో ఇక్కడ ప్లేగు వచ్చింది. బసవనగుడి, మల్లేశ్వరం ఆ రోజుల్లో వేసిన పేటలే, ప్లేగు మారమ్మ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. జనం ఇళ్ళు వదిలి ఊరి బయట గుడిసెల్లో ఉన్నారని మా పక్కింటి కన్నడ అవ్వ తన అవ్వ దగ్గర విన్నదట. ఆ ఇంట్లో దాచకుండా చెప్పారు కాబట్టే ఆ మాట నాదాకా వచ్చింది.

టీవీ గురించి కూడా చెప్పాలి. 2025 జనవరిలో బెంగళూరులో మూడు నెలల పాపకు, ఎనిమిది నెలల బాబుకు హెచ్‌ఎంపీవీ అనే వైరస్ ఉన్నట్టు తేలినప్పుడు మన తెలుగు ఛానళ్ళలో రోజంతా ఎర్ర అక్షరాలు, గుండె అదిరే మ్యూజిక్. ఆ వైరస్‌ను 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించారు. చాలామందికి జలుబులా వచ్చి తగ్గిపోతుంది, మరీ పసివాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు జాగ్రత్త కావాలి. ఈ మూడు ముక్కలూ ఐదేళ్ళ పిల్లకు నిదానంగా చెప్పొచ్చు. కానీ నానమ్మ, తాతయ్య వార్తలు చూస్తుంటే కింద బొమ్మలతో ఆడుకునే పిల్ల విన్నది "చిన్నారులపై మరో వైరస్ పంజా" లాంటి మాటలు. మరుసటి రోజు ఆ పిల్ల బడికి రానని ఏడ్చింది.

ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంకో చిక్కుంది. చేతులు కడుక్కునే పాట బడిలో ఇంగ్లీషులో నేర్పుతాం, గోడమీద పోస్టరు కన్నడలో ఉంటుంది. భయం మాత్రం ఇంట్లో తెలుగులో పుడుతుంది. దానికి జవాబు కూడా తెలుగులోనే దొరకాలి. నేను క్లాసులో ఒక పిల్ల అరచేతికి ముగ్గుపిండి రాసి కాసేపు ఆడుకోమంటాను. తలుపు గడియకు, పెన్సిలు డబ్బాకు, పక్కపిల్ల చెంపకు తెల్లటి మరకలు. "చూశారా, క్రిములు ఇలాగే అంటుకుంటాయి, ఎవరూ కావాలని అంటించరు" అని తెలుగులో చెబుతాను. కరోనా క్రిమికి పైన కొవ్వు పొర ఉంటుందని, సబ్బు ఆ పొరను కరిగిస్తుందని, ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దాలని చెబుతాను. దగ్గినప్పుడు గాలిలోకి కూడా వస్తుంది కాబట్టి మోచేయి అడ్డం పెట్టుకోవడం నేర్పుతాను. తాము చేయగల పని ఒకటి చేతిలో ఉంటే పిల్లల టెన్షన్ సగం తగ్గుతుంది. "ఏమీ కాదులే" అన్న ఉత్తమాట కంటే ఇది చాలా మేలు.

ప్రభుత్వాలు పిల్లల గురించి ఆలోచించలేదని నేను అనను. 2020 జూన్‌లో ఇక్కడ చిన్న తరగతులకు ఆన్‌లైన్ క్లాసులు ఆపేశారు, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. 2021 అక్టోబర్ 25న ఒకటి నుంచి ఐదు తరగతులు, నవంబర్ 8న ఎల్‌కేజీ, యూకేజీ, అంగన్‌వాడీలు తెరిచారు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లలకు 2021 మేలో పీఎం కేర్స్ పథకం ప్రకటించారు. కానీ ఏడాదిన్నర దాటి బడికి వచ్చిన పసిపిల్లలతో ఆ కాలం గురించి మాట్లాడేందుకు మాకు ఒక గంట కూడా దొరకలేదు. సిలబస్, ఫీజులు, ఆన్‌లైనా ఆఫ్‌లైనా అన్న వాదనలతోనే మీటింగులన్నీ గడిచాయి.

నేను కోరేది ఖర్చు లేని పని. తర్వాత జ్వరాల సర్క్యులర్ పంపినప్పుడు దానితోపాటు ఒక్క పేజీ, పిల్లలకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నది కన్నడంతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీల్లో బడులకూ అంగన్‌వాడీలకూ పంపాలి. ఈ విషయం తెలిసిన జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మన ఊళ్ళోనే ఉంది. ఇంటికి పంపే పిల్లవాడి గురించి టీచరు క్లాసులో చెప్పాల్సిన రెండు వాక్యాలు అందులో ఉండాలి: "వీడికి ఒంట్లో బాగాలేదు, విశ్రాంతి కోసం ఇంటికెళ్తున్నాడు. తగ్గాక వస్తాడు, మనమందరం వాడితో ఆడుకుందాం." పిల్ల వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, మాట్లాడటం తగ్గించినా తల్లిదండ్రులు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు నా క్లాసు తల్లుల్లో చాలామందికి తెలియదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. జబ్బుల వార్త వేసిన రోజు దాని పక్కనే నాలుగు అంగుళాల చోటు పిల్లల కోసం ఉంచండి, ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా చదివి వినిపించేలా చిన్న చిన్న తెలుగు వాక్యాల్లో. రాసేందుకు ఎవరూ దొరక్కపోతే నేను రాసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక నర్సరీ టీచర్,
రామమూర్తినగర్, బెంగళూరు