ఖాళీ అయ్యే సైనిక స్థలాల్లో ఇళ్ల సాంద్రత గురించి బహిరంగ లేఖ

విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ కమిషనర్ గారికి నమస్కారములు.

ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు, మధ్యలో నౌకాదళ, ఓడరేవు, పరిశ్రమల భూములు ఉన్న మన నగరంలో ఇళ్లకు మిగిలిన నేల తక్కువ. అందుచేత రక్షణ శాఖ ఎప్పుడైనా ఒక స్థలాన్ని వదులుకుంటే, అక్కడ ఎకరానికి ఎన్ని ఇళ్లు రావాలన్నది వేలం ధర కాక, ముందుగా చేసిన ప్రణాళికే నిర్ణయించాలని నా మనవి.

జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో ఫ్రెంచి సైన్యం 1992లో ఖాళీ చేసిన వోబాన్ స్థావరాన్ని పరిశీలించండి. సుమారు 40 హెక్టార్లలో 5,000 మందికి పైగా నివసిస్తున్నా అక్కడ ఆకాశహర్మ్యాలు లేవు; కార్లను చాలావరకు వాడ అంచున నిలిపి, 2006లో ట్రామును తెచ్చారు. స్థలమంతా ఒకే బిల్డరుకు అప్పగించకుండా, కలిసి కట్టుకునే కుటుంబాల బృందాలకు కూడా ముక్కలుగా ఇచ్చారు. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

మన దగ్గర లెక్క నీటితో మొదలుకావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు కరెంటు పోయి, మోటార్లు, లిఫ్టులు ఆగినప్పుడు పై అంతస్తుల్లోని వృద్ధులు బిందెడు నీటికి పడిన అవస్థ నగరం మరువలేదు. కనుక వేసవిలో కుళాయిల ద్వారా ఇవ్వగలిగే నీరు, మురుగు శుద్ధి సామర్థ్యం, బస్సు తిరగగల రోడ్డు వెడల్పు, వాన నీరు పోయే గెడ్డల దారి తేల్చిన తరువాతే అంతస్తుల సంఖ్య ఖరారు చేయండి. అలాగని సాంద్రతకు భయపడి ఆ నేలను విల్లాలకు వదిలేయడమూ అన్యాయమే. ఇళ్లలో కొంత వాటాను రేవు, పరిశ్రమల కార్మికుల జీతానికి అందే అద్దెకు కేటాయించి, ముసాయిదాను తెలుగులో ప్రచురించి, వార్డు స్థాయిలో అభ్యంతరాలు స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశాఖ పౌరుడు