ముందు కదలనిదాన్ని పట్టుకో

చిట్టితల్లీ,

సింఫనీ పెడితే పది నిమిషాలకే ధ్యాస ఎటో పోతోందనీ, గామెలాన్ (ఇండోనేషియా కంచువాద్యాల బృందం) వింటే గిన్నెలు దొర్లినట్టుందనీ రాశావు. వర్ణాల దాకా పాడిన చెవి నీది, దానికి వచ్చిన లోటేమీ లేదు. వెతికే చోటే సరిగ్గా లేదు. ఏది విన్నా నువ్వు ముందు రాగం కోసం, పల్లవి కోసం చూస్తున్నావు. అన్ని సంగీతాల్లోనూ అవి ఉండవు. కానీ ఏ సంగీతంలోనైనా కదలకుండా నిలబడేది ఒకటుంటుంది. కొన్నిట్లో అది శ్రుతి, కొన్నిట్లో ఆవృతం (తాళంలో ఒక చుట్టు), కొన్నిట్లో ఒక ఇనపగంట కొట్టే వరస. ముందు దాన్ని పట్టుకో. కదిలేవి వాటంతటవే వినిపిస్తాయి.

మన సంగీతంలో ఆ పని తంబూరా చేస్తుంది, షడ్జం, అంటే 'సా', ఎక్కడికీ పోదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో షడ్జమే ఇల్లు మారుతుంది. సింఫనీల్లో, సొనాటాల్లో కథంతా ఆ ప్రయాణమే. మనం గ్రహభేదమని అప్పుడప్పుడు చేసే చమత్కారం అక్కడ నిత్యవ్యవహారం. ఈ ఒక్క సంగతీ తెలియకపోతే ఎంతసేపు విన్నా "ట్యూన్ బాగుంది, తరవాత ఏదో అయింది" అనే అనిపిస్తుంది.

దీన్ని చెవికి ఎక్కించుకోవడానికి మొజార్ట్ 1787లో రాసిన కె. 525 (అతని రచనల జాబితాలో దాని అంకె) మొదటి భాగం తీసుకో. దాదాపు ఆరు నిమిషాలు. ఎత్తుగడ ఎక్కడో ఒకచోట వినే ఉంటావు. మొదటిసారి ఊరికే విను. రెండోసారి మొదలవగానే దాని 'సా' పట్టుకుని సన్నగా కూనిరాగం తీస్తూ ఉండు, ఆపకు. మొదటి నిమిషంలోనే, హడావిడి తగ్గి రెండో ఇతివృత్తం నాజూగ్గా మొదలయ్యే చోట, నువ్వు పట్టుకున్న సా అక్కడ ఇమడదు. పంచమం కొత్త షడ్జమైంది, నీ సా దానికి మధ్యమమైపోయింది. ఇంతవరకూ ఉన్న భాగాన్ని మామూలుగా రెండుసార్లు వాయిస్తారు. తొందరపడి ముందుకు జరపకు, ఆ రెండోసారి నీలాంటివాళ్ళకు గుర్తుండాలనే. తరవాత కాసేపు షడ్జం నిలకడ లేకుండా తిరుగుతుంది. ఆపైన ఎత్తుగడ మళ్ళీ వస్తుంది. ఈసారి రెండో ఇతివృత్తం కూడా పాత షడ్జంలోనే వినిపిస్తుంది, నీ కూనిరాగానికి ఎక్కడా అడ్డు తగలదు. సొనాటా రూపం కిటుకంతా ఇదే. బీథోవెన్ దీన్నే సాగదీశాడు, మాలర్ ఇంకా సాగదీశాడు.

ఇక్కడ తంబూరా యాప్ వాడదామనుకుంటావేమో, జాగ్రత్త. ఇప్పటి ఆర్కెస్ట్రాలు చాలావరకు 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గరో, కాస్త పైనో పెడతాయి. పాతకాలపు వాద్యాలతో వాయించే బృందాలు మొజార్ట్‌ను 430 దగ్గర, బాక్‌ను 415 దగ్గర వాయిస్తాయి. 415 అంటే దాదాపు అర స్వరం కిందికి. ఈ మొజార్ట్ రచన సా 'జి' కదా అని యాప్‌లో 'జి' పెట్టి, రికార్డింగే అపశ్రుతి అనుకుంటే తప్పు నీదే. రికార్డింగ్‌కి యాప్‌ను సరిపెట్టు, లేకపోతే గొంతే నయం.

నువ్వు అడిగిన రెండో ప్రశ్న కూడా ఇక్కడిదే. కీబోర్డు గాంధారం ఎందుకు గుచ్చుకున్నట్టుంటుందని కదా. తంబూరా షడ్జపు తీగ శ్రద్ధగా వింటే అందులోంచే అంతరగాంధారం పలుకుతుంది. అది అయిదో అనుస్వరం (మూలస్వరంతోపాటు సన్నగా పలికే పైస్వరం), షడ్జం నుంచి 386 సెంట్ల దూరంలో ఉంటుంది. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. కీబోర్డులో స్థాయిని 12 సమభాగాలు చేస్తారు కాబట్టి గాంధారం 400 దగ్గర పడుతుంది. ఆ 14 సెంట్లే నీ చెవికి తగిలేది. పంచమంలో తేడా రెండే సెంట్లు, అందుకే అది బాధించదు. షడ్జం ఎక్కడికి మారినా ఒకేలా పలకాలి కాబట్టి ఈ సర్దుబాటు. ఇల్లు మారే సంగీతం కట్టే అద్దె అనుకో.

బీథోవెన్ అయిదో సింఫనీ (1808) ఎత్తుగడ మూడు పొట్టి దెబ్బలు, ఒక దీర్ఘం. కానీ రాతలో మొదట ఉన్నది దెబ్బ కాదు, విరామం. అరఅక్షరం విడిచి ఎత్తుకోవడం నీకు కొత్త కాదు. వేలితో తాళం వేస్తూ, ఆ ఖాళీని లెక్కలోకి తీసుకుని విను. ఆ నాలుగు స్వరాలు వెనకనుంచి ఎవరో తోసినట్టు ఎందుకు ఉంటాయో తెలుస్తుంది. ఇందులో మూడో భాగం ఆగకుండా నాలుగోదాంట్లోకి నడుస్తుంది. ఫోన్‌లో షఫుల్ పెట్టినా, ట్రాకుల మధ్య ఖాళీ వచ్చినా ఆ నిమిషం చచ్చిపోతుంది. సెట్టింగుల్లో గ్యాప్‌లెస్ ఉంటే పెట్టుకో.

బాక్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లు ఇంకో రకం. అక్కడ నిలిచేది కింది వరస. మొదటి ఏరియా, అంటే మూలపాట, 32 బార్లు (తాళపు గళ్ళు). తరవాతి 30 రూపాల్లోనూ పై పాట మారిపోతుంది, కింది మంద్రస్వరాల నడక, దానితో వచ్చే స్వరమేళనాలు మారవు. కాబట్టి అన్నీ ఒకదానికొకటి సంబంధం లేని ముక్కల్లా అనిపించడం సహజం. ఎడమచేతిని మాత్రమే విను. గ్లెన్ గూల్డ్ 1955 రికార్డింగ్ 38 నిమిషాల్లో, 1981ది 51 నిమిషాల్లో ముగుస్తాయి. నువ్వు రెండోదానితో మొదలుపెట్టు. మొదటిది అద్భుతమే కానీ ఆ వేగంలో కింది వరస జారిపోతుంది.

జాజ్‌కి ఒక్క పాట చాలు ముందు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్'. తొలి ఆలాపన లాంటిది అయ్యాక, పాటను బేస్ (మంద్రంగా పలికే పెద్ద తంతివాద్యం) ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు రెండు దెబ్బలతో జవాబిస్తారు. అప్పటినుంచి ఆదితాళం వెయ్యి. ఎనిమిది ఆవృతాలు ఖరహరప్రియ స్వరాలు, నాలుగు ఆవృతాలు అవే స్వరాలు అర స్వరం పైనుంచి, మళ్ళీ నాలుగు ఆవృతాలు కిందికి. మొత్తం 16 ఆవృతాలు, సుమారు ఒక నిమిషం. చివరిదాకా ఇదే చక్రం. ట్రంపెట్, రెండు శాక్సఫోన్లు రెండేసి చక్రాలు వాయిస్తాయి, పియానో ఒకటి. తొమ్మిదో ఆవృతం మొదట్లో నేల కాస్త లేచినట్టు అనిపించడం మొదలైతే పని అయిపోయినట్టే. ఖరహరప్రియ అన్నానని గమకాల కోసం చూడకు. స్వరాలు అవే, రాగం కాదు. శంకరాభరణానికీ మేజర్ స్కేల్‌కీ ఉన్న చుట్టరికం కూడా అంతే, మొహం కలుస్తుంది, నడక కలవదు.

సమకాలీన సంగీతం అనగానే భయపడేది అందులో పట్టుకోవడానికి ఏదీ ఉండదని. కొన్నిట్లో నిజమే, వాటిని తరవాతికి ఉంచు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 'క్లాపింగ్ మ్యూజిక్' (1972) మాత్రం నీకు రెండు చేతులు, ఒక స్నేహితురాలు ఉంటే చాలు. వరస 12 మాత్రలు ('త' అంటే ఒక చప్పట్లు): తతత విరామం, తత విరామం, త విరామం, తత విరామం. ఒకరు ఇది మార్చకుండా కొడతారు. రెండోవారు 8 లేదా 12 సార్లు కలిసి కొట్టాక ఒక మాత్ర ముందుకు జరుపుతారు, మళ్ళీ అన్నిసార్లు, మళ్ళీ జరపడం. 12 సార్లు జరిగాక ఇద్దరూ కలుస్తారు. చెడేది ఎప్పుడూ ఒకేచోట. జరిపినవారు కొత్త చోటే సమం (మొదటి దెబ్బ) అనుకోకుండా అవతలివారి సమాన్ని వింటారు, రెండు చుట్లలో లాగేసుకుని వెళ్ళి వాళ్ళతో కలిసిపోతారు. నోటితో సొల్లు (తకధిమి లాంటి జతులు) చెబుతూ కొడితే నిలుస్తుంది. టెరీ రైలీ 'ఇన్ సి' (1964), ఆర్వో పార్ట్ చిన్న పియానో రచనలు దీని తరవాత పెట్టుకో. రైలీలో పియానో ఆపకుండా మోగించే పై 'సి' స్వరం నీ ఆధారం.

రైష్ 1970లో ఘానా వెళ్ళి డోలు నేర్చుకున్నాడు. ఆ దారిలోనే నువ్వూ వెళ్ళు. ఎవే జాతి వాద్యబృందాల్లో గాంకోగ్వి అనే ఇనపగంట ఒకటుంటుంది. 12 మాత్రల్లో 7 దెబ్బలు, ఎడాలు 2-2-1-2-2-2-1. ఒక్క క్షణం ఆగి ఆ అంకెలు చూడు. శంకరాభరణం ఆరోహణలో పూర్తి స్వరం, అర స్వరం ఎడాలు కూడా సరిగ్గా ఇవే. కాలంలో ఒకటి, స్థాయిలో ఒకటి. ఎందుకో తెలియకుండానే ఆ వరస చెవికి ఇంపుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అందరూ పొరపడేది ఈ గంట దగ్గరే. గంట దెబ్బలనే తాళం అనుకుంటారు. తాళం ఆడేవాళ్ళ కాళ్ళలో ఉంటుంది. 12 మాత్రల్లో 4 అడుగులు, ఒక్కో అడుగు మూడు మాత్రలు, మన తిశ్రం. గంట మొదటి అడుగుతో, నాలుగో అడుగుతో మాత్రమే కలుస్తుంది. రెండూ మూడూ ఖాళీలో పడతాయి. కాలితో నాలుగు వేస్తూ గంట వరస చేత్తో కొట్టు. వారం పడుతుంది. అది వచ్చేదాకా పై డోళ్ళ జోలికి పోకు, అవి కావాలనే నిన్ను తప్పిస్తాయి.

గామెలాన్‌కి వస్తే, నీ గిన్నెల మాట పూర్తిగా తప్పు కాదు. బాలిలో కంచువాద్యాలను జతలుగా చేసి, జతలో ఒకదాన్ని కావాలనే కాస్త తగ్గించి శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగితే సెకనుకు అయిదు నుంచి ఎనిమిది అలలు పుడతాయి. ఆ వణుకే నీకు అపశ్రుతిలా వినిపించింది. వాళ్ళకు అది లేని స్వరం చచ్చిన స్వరం. నువ్వు జావాతో మొదలుపెట్టు, నడక నిదానం. 'లాద్రాంగ్' అనే రూపం వెతుకు. 32 దెబ్బల ఆవృతం, అంటే నాలుగు ఆదితాళాలు. పెద్ద గాంగ్ 32వ దెబ్బకు మోగుతుంది. కెనాంగ్ అనే చిన్న గాంగ్ 8, 16, 24, 32 దగ్గర. మనకు బరువు మొదటి అక్షరం మీద, వాళ్ళకు చివరి దెబ్బ మీద. ఒకటి అని లెక్క మొదలుపెట్టేది గాంగ్ దెబ్బ మీద కాదు, దాని తరవాతి దెబ్బ మీద. ఇది తిరగేస్తే అంతా ఒక దెబ్బ పక్కకు జరిగి ఏదీ పొసగదు. ఇంకోటి, నడక సగానికి తగ్గినప్పుడు పైవాద్యాలు రెట్టింపు స్వరాలు వాయిస్తాయి. కాలం మారడమే, నిద్ర రావడం కాదు.

అరబ్బు మఖాముల్లో (మన రాగాల్లాంటివి) 'రాస్త్' అనేదాని గాంధారం సాధారణానికీ అంతరానికీ నడుమ, 350 సెంట్ల చుట్టుపక్కల ఉంటుంది. మొదటి రోజు పాడినవాళ్ళు తప్పారనిపిస్తుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ కచేరీ రికార్డింగ్ ఒకటి మూడు రోజులు వరసగా వింటే ఆ గాంధారమే మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆమె ఒకే పాదాన్ని పదేపదే కొత్తగా తిప్పడం నీకు నెరవులా వినిపిస్తుంది, నిడివి చూసి బెదరకు. సైబీరియా దక్షిణాన ఉన్న తువా ప్రాంతపు గొంతుపాట చివరికి ఉంచుకో. ఒకే గొంతులో కింద ఆధారశ్రుతి, పైన ఈలలాంటి స్వరాలు. వాళ్ళు 8, 9, 10, 12, 13 అనుస్వరాలు ఎక్కువగా ఏరుకుంటారు, 7నూ 11నూ సాధారణంగా వదిలేస్తారు. అంటే స, రి, గ, ప, కాస్త తగ్గిన ద. మోహనం స్వరాలు. ఆ గాంధారం 386 సెంట్లదే, నీ తంబూరాలోదే.

ఇక ఫోన్ స్పీకర్ మానెయ్. అందులో మంద్రం దాదాపు ఉండదు. గాంగ్, బేస్, మృదంగం తొప్పి, అంటే పట్టుకోవాల్సినవే ముందు పోతాయి. పది నిమిషాలైనా ఇయర్‌ఫోన్ మేలు. పాశ్చాత్య శాస్త్రీయంలో మెల్లని చోటుకు వాల్యూమ్ పెంచితే తరవాత ఆర్కెస్ట్రా మీద పడుతుంది. అన్నిటికన్నా పెద్ద చోటు వెతికి, అక్కడ ఇబ్బంది లేనంతకు పెట్టి, మొదటికి వచ్చి ఇక ముట్టుకోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు 80 డెసిబెళ్ళు, వారానికి 40 గంటలు. వెతికేటప్పుడు పేరుతో కాదు, అంకెతో వెతుకు: బాక్‌కి బి.డబ్ల్యు.వి. 988, మొజార్ట్‌కి కె. 525, బీథోవెన్‌కి ఓపస్ 67.

ఈ వారం మొజార్ట్ ఒక్కటే. ఏ నిమిషం ఏ సెకను దగ్గర నీ సా ఇమడడం మానేసిందో, మళ్ళీ ఎక్కడ కుదురుకుందో కాగితం మీద రాసి పంపు. ఎవరి రికార్డింగో కూడా రాయి, అదే పెట్టుకుని చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న